మొదటి వరుస వసంతది

"వసంతా! ఎరుపు మూడు, నీలం ఒకటి, మీగడరంగు రెండు!"

జవాబు రాలేదు.

ఎస్తేరమ్మ కాగితం మీది నుంచి వేలు తీయలేదు. వేలు తీస్తే గడి తప్పుతుంది. గడి తప్పితే తివాచీ మీద పువ్వు రెక్క వంకరపోతుంది, పూటంతా ముడులు విప్పుకోవాలి. పిల్ల దారం వెతుక్కుంటున్నదేమో అనుకుని రెండోసారి పిలిచింది. అప్పుడూ రాలేదు. మూడోసారి పిలిచినప్పుడు గొంతులో కాస్త విసుగు కూడా చేరింది.

"వసంతా! ఎరుపు మూడు అంటున్న. ఏం పిల్లా, కునుకు తీస్తున్నవా?"

"ఓ ఎస్తేరూ, కాగితం అవతల పడెయ్! పిల్లకు ఊపిరాడ్తలేదు!" అని బాలనాగమ్మ అరిచాకే ఎస్తేరమ్మ తల ఎత్తింది.

నిలువు మగ్గం ముందు పొడవాటి బల్ల మీద పదిమంది ఆడవాళ్ళు వరుసగా కూర్చుంటారు. ఎడమ నుంచి నాలుగో చోటు వసంతది. ఇప్పుడామె ముందుకు వంగి, పడుగు దారాలను రెండు చేతులా పట్టుకుని వేలాడుతున్నది. పెదవులు నల్లబడ్డాయి. ఛాతీలోంచి సన్నగా ఈల వేసినట్టు చప్పుడు వస్తున్నది. "సంచి... నా సంచి..." అంటున్నది.

ఉబ్బసానికి పీల్చే మందు సంచిలో ఉంది. సంచి కాపలా చిన్నయ్య గదిలో ఉంది. చిన్నయ్య గది షెడ్డు బయట ఉంది. షెడ్డు ఇనుప తలుపుకు బయటి నుంచి తాళం ఉంది.

మగ్గం మీదివాళ్ళు, ఉన్ని చుట్టేవాళ్ళు కలిసి ఇరవై ఆరుగురు ఆడవాళ్ళు ఆ తలుపు మీద పడ్డారు. ముడులను కిందికి దట్టించే ఇనుప పంజాలతో తలుపును కొట్టారు. చేతికి దొరికిన పీటలతో కొట్టారు. ఫోన్లు కూడా సంచుల్లోనే ఉన్నాయి కనుక ఎవరికీ చెప్పుకునే దారి లేదు. తలుపు సందులో నోరు పెట్టి అరిస్తే, పక్క చేనులో పల్లికాయ పీకుతున్న మనిషి పరుగెత్తుకొచ్చి రాయితో తాళాన్ని మోదాడు. తాళం పెద్దది. రాయే పగిలింది. తాళంచెవి చిన్నయ్య మొలతాడుకు ఉంది. చిన్నయ్య ఉన్ని మూటలు దించుకోవడానికి ఆత్మకూరు పోయాడు.

అతను బండి మీద తిరిగొచ్చి తాళం తీసేటప్పటికి గంట దాటింది. మందు నోటి దగ్గర పెట్టారు. పీల్చుకునే శక్తి లేదు. ఆటోలో వేసుకుని పోతుంటే ఊరి పొలిమేర దాటకముందే బాలనాగమ్మ ఒడిలో పిల్ల తల పక్కకు వాలిపోయింది.

ఎస్తేరమ్మ ఆటో ఎక్కలేదు. చోటు లేదు. దారిలో నిలబడి, ఆటో కనుమరుగయ్యే దాకా చూసింది. చేతిలో రంగులు పిలిచే గళ్ళకాగితం అట్లాగే ఉంది. వేలు అదే గడి మీద ఉంది.

*

అమరచింతలో మగ్గం కొత్త సంగతి కాదు. నేతగాళ్ళ ఇండ్లలో పట్టుచీర నేయని తరం లేదు. కానీ ఎస్తేరమ్మ వాడలో మగ్గం ఎవరికీ తెలియదు. అక్కడివాళ్ళకు తెలిసింది మట్టిపని, బండపని, వలసకు తీసుకుపోయే బొంబాయి బస్సు. భానుప్రకాశ్ సేటు ఊరి బయట మూతపడ్డ పల్లికాయ మిల్లును కొని, అందులో తివాచీల షెడ్డు పెట్టిన తర్వాతే ఆడవాళ్ళు మగ్గం ముందు కూర్చున్నారు.

ఆ షెడ్డులో కట్టేది కాశాన్ రకం. కాశాన్ అంటే ఇరాన్ దేశంలో ఒక ఊరు. నడుమ పెద్ద పతకం లాంటి పువ్వు, చుట్టూ ఎరుపు నేల, అంచుకు ముదురు నీలం. ఉన్ని మన గొంగళ్ళ ఉన్ని కాదు, రాజస్థాన్ నుంచి వస్తుంది. నేర్పినవాడు మీర్జాపూర్ నుంచి వచ్చిన ముసలి ఉస్తాద్. రెండేళ్ళు ఉండి, పెద్దమందడిలో సేటు పెట్టిన రెండో షెడ్డులో కూడా ఇదే పని నేర్పి, తన ఊరికి వెళ్ళిపోయాడు.

గళ్ళకాగితం మీద రంగులు గుర్తులుగా రాసి ఉంటాయి. దాన్ని నక్షా అంటారు. దాన్ని చూసి ఒక మనిషి పేరు పేరునా పిలవాలి. పిలిచిన మనిషి ఆ రంగు ముడులు వేసి "కట్టిన" అనాలి. అప్పుడే తర్వాతి పేరు. ఉస్తాద్ ఉన్నప్పుడు ఆయన పిలిచేవాడు. ఆయన పోయేటప్పుడు "చదివే మనిషి ఎవరు?" అని అడిగితే అందరూ ఎస్తేరమ్మ వైపు చూశారు.

ఎస్తేరమ్మ బడికి పోలేదు. ఇరవై రెండేళ్ళ కింద ఆమె మొగుడు మాసయ్య బొంబాయి బస్సెక్కాడు. కిటికీలోంచి ఎర్ర తువ్వాల ఊపాడు. ఆ ఊపిన తువ్వాలే ఆఖరు. ఆ తర్వాత ఆమె ఏడాదిపాటు ఆత్మకూరు బస్టాండులో నిలబడి వచ్చే ప్రతి బస్సు పైనున్న అక్షరాలను పక్కవాళ్ళను అడిగి తెలుసుకున్నది. అట్లా బస్సుల బోర్డులతో చదువు వచ్చింది. మాసయ్య రాలేదు. తర్వాత బైబిలు చదివింది, బజ్జీలు కట్టిన పేపర్లు చదివింది, దొరికిన పుస్తకమల్లా చదివింది. ఎవరు ఏ దిక్కు పోతున్నా వీధి చివరిదాకా వెళ్ళి, కనిపించినంతసేపూ చూసే అలవాటు కూడా అప్పటిదే.

సేటు ఆమెకు కుర్చీ ఇచ్చాడు. షెడ్డంతటికీ ఒకటే కుర్చీ. తలుపుకు ఎదురుగా ఉంటుంది. అరవై రెండేళ్ళ వయసులో కుర్చీ మీద కూర్చుని అక్షరం చదివి బతుకుతున్నానని ఆమె లోలోపల మురిసేది. అది పోతుందేమోనని లోలోపల వణికేది కూడా.

తాళం ఎందుకని మొదట్లో బాలనాగమ్మ అడిగింది. నక్షాలు బయటికి పోతాయని సేటు అన్నాడు. సంచుల్లో దాచుకుపోతారని సంచులు బయట పెట్టించాడు. గాలికి ఉన్ని ఎగురుతుందని కిటికీలకు గోనెలు కొట్టించాడు. "మేము దొంగలమా?" అని బాలనాగమ్మ గొణిగింది. "ఊకో, పని దొరికింది చాలు" అన్నది ఎస్తేరమ్మే.



*

వసంతను మట్టిలో పెట్టిన మూడోనాడు సేటు షెడ్డుకు వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో ఒక కాగితం.

"మంచి పిల్ల. ఏం చేస్తం, దేవుడు రాసింది గంతే. ఎస్తేరమ్మా, జర ఇటు రా."

పక్కకు పిలిచి కాగితం చేతికిచ్చాడు.

"ఆ పిల్ల చెల్లె ఉన్నది గద, అర్చన, వనపర్తిల డిగ్రీ చదువుతది. ఠాణాల దరఖాస్తు పెట్టింది. చిన్నపిల్ల, ఎవరో ఎక్కిచ్చిన్రు. నువ్వు పెద్దదానివి. నీ కుర్చీ తలుపు దిక్కే ఉంటది, నువ్వు చెప్తే ఎస్సై సారు నమ్ముతడు. ఈడ సంతకం పెట్టు. ఏం లేదు, ఉత్త కాగితం."

ఎస్తేరమ్మ రంగులు మాత్రమే చదువుతుందని సేటు అనుకున్నాడు. ఆమె కళ్ళు కాగితం మీద గడి గడిగా నడిచాయి. 'పని జరుగుచున్న సమయమున తలుపు తెరిచియే ఉన్నది. మృతురాలు ఉదయం ఇంటి వద్ద నుండియే అస్వస్థతతో వచ్చినది.'

కాగితం మడిచింది.

"కండ్లద్దాలు ఇంటికాడ ఉన్నయి సేటూ" అన్నది. అవి ఆమె మెడలోనే తాడుకు వేలాడుతున్నాయి.

సేటు అద్దాల వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు. నవ్వాడు.

"సరే, ఇంటికి తీస్కపో. మంచిగ చూసి పెట్టు. వచ్చే శనివారం పట్నం నుంచి తివాచీ కొనే కంపెనీ మనిషి వస్తుండు. ఆలోపల ఇది తేలకపోతే షెడ్డు నడుపుడు నాతోని కాదు, తాళం ఏసుకుంట. మీరంత మల్ల బొంబాయి బస్సెక్కాలె. నీకు ఆ బస్సు సంగతి తెల్సు గద?"

తెలుసు. ఆ బస్సు పొగ వాసన కూడా తెలుసు.

ఇంటికి పోయేసరికి అర్చన అరుగు మీద కూర్చుని ఉంది. తల్లీతండ్రీ లేని ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది ముడులు వేసి చిన్నదాన్ని చదివించింది. అర్చన కళ్ళు ఉబ్బి ఉన్నాయి గానీ గొంతు గట్టిగా ఉంది.

"పెద్దమ్మా, ఒకటి అడుగుత. అక్క పలకకపోతే నువ్వు మూడుసార్లు పిలిచినవంట. నిజమేనా?"

ఎస్తేరమ్మ తలుపు చెక్కను పట్టుకున్నది.

"నిజమే బిడ్డా."

"మొదటిసారే లేచి చూస్తే?"

"తలుపు అప్పుడు గూడ తాళమే ఉండె."

"నేను తాళం సంగతి అడుగుతలేను."

అర్చన లేచి వెళ్ళిపోయింది. ఎస్తేరమ్మ వీధి మలుపు దాకా పోయి చూసింది. ఆ పిల్ల వెనక్కి తిరగలేదు.

*

ఆదివారం ప్రార్థన అయిన తర్వాత చర్చి ముందు రేకుల పందిరి కింద ఆడవాళ్ళు ఆగిపోయారు. పిలవకుండానే ఆగారు. కాసేపటికి బాలనాగమ్మ వచ్చింది. ఆమెది అవతలి వీధి రైతు కులం. మొగుడు మెట్టచేను కౌలుకు చేస్తాడు. షెడ్డులో నాలుగేళ్ళు పక్కపక్కన కూర్చున్నా ఆమె ఈ వాడలో అడుగు పెట్టడం ఇదే మొదలు. పందిరి బయట చెప్పులు విప్పి, ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడింది.

"కూసో నాగమ్మా, చాప మీద ఏం అంటుకోదు" అన్నదొకామె.

"అంటుకుంటే కడుక్కుంట గానీ, జరుగు" అని బాలనాగమ్మ మధ్యలో చొరబడి కూర్చున్నది. నలుగురు నవ్వారు. ఆ వారంలో అదే మొదటి నవ్వు.

మాటలు మొదలయ్యాయి. మొదలవడంతోనే తగువైంది.

"సేటు షెడ్డు మూస్తనంటుండు. మూస్తే ఏం తింటం?"

"తెరిచి ఉంటే ఏం తింటున్నం? ఉన్ని పీచు తింటున్నం. నాకు గూడ రేపు దమ్ము లేస్తది."

"నా మొగడు పూణెకెళ్ళి రెండేళ్ళకు ఇంటికొచ్చిండు. మల్ల పొమ్మంటవా?"

"పోయిన పిల్ల ఎట్లాగూ పోయింది. ఉన్నోళ్ళ సంగతి చూడాలె."

"అట్లనే అనుకుంట రేపు నిన్ను గూడ మోస్తరు తియ్!"

పందిరి గుంజ దగ్గర చిన్నయ్య వచ్చి నిలబడ్డాడు. ఈ వాడ మనిషే. చూడగానే ఆడవాళ్ళంతా మీద పడ్డారు. "వచ్చిండు జైలర్!" "తాళంచెవి తెచ్చినవా, చర్చికి గూడ ఏస్తవా?" అతను తల ఎత్తలేదు.

"ఎయ్యమన్నరు, ఏసిన" అన్నాడు. "ఆత్మకూరు పోతున్న, చెవి ఇచ్చి పోతనంటే సేటు వద్దన్నడు. ఆ పిల్ల సంచి నా గదిల ఇంకా అట్లనే ఉన్నది. ముట్టబుద్ధి అయితలేదు."

అప్పుడు ఎస్తేరమ్మ లేచింది. కొంగులోంచి సేటు ఇచ్చిన కాగితం తీసి, కళ్ళద్దాలు పెట్టుకుని, అక్షరం అక్షరం చదివి వినిపించింది. 'తెరిచియే ఉన్నది' అన్న చోట ఆగింది. మళ్ళీ చదివింది.

"దీని మీద నన్ను సంతకం పెట్టమన్నడు. నేను భయపడ్డ. మూడు దినాలు కొంగుల కట్టుకుని తిరిగిన. నాకు కుర్చీ మీద ఆశ. బస్సు అంటే భయం. ఆ పిల్ల పలకకపోతే లేచి చూడలే, వేలు తీస్తే గడి తప్పుతదని పిలుసుకుంట కూసున్న. తాళం సేటుది. గానీ ఆ మూడు పిలుపులు నావి. మీరు నన్ను తిట్టుండ్రి, తర్వాత ఏం చెయ్యాల్నో చెప్పుండ్రి."

ఎవరూ తిట్టలేదు. పందిరి చివర నిలబడ్డ అర్చన ముందుకు వచ్చింది.

"పెద్దమందడి షెడ్డుల గూడ తాళమేనంట. నా తోటి చదివే పిల్ల వాళ్ళమ్మ ఆడ్నే చేస్తది. ఆడ గూడ సంచులు బయటనే. మన నక్షానే వాళ్ళకు గూడ. రెండూ జోడు తివాచీలంట, ఒకేసారి తెంపుతరంట."

తెంపడం అన్న మాట వినగానే బాలనాగమ్మ కళ్ళు చిట్లించింది.

"ఆగుండ్రి. తెంపుడు అంటే యాదికొచ్చింది. మొదటి వరుస ఎవరిది?"

పందిరి కింద అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

తివాచీ పూర్తయిన రోజు దాన్ని మగ్గం నుంచి తెంపుతారు. అందుకు ఉస్తాద్ ఒక పద్ధతి నేర్పాడు. మొట్టమొదటి వరుస ఎవరి చేతి మీద మొదలైందో ఆ మనిషే తెంపేనాడు మొదటి దారం కోయాలి. ఆ తర్వాతే మిగతావాళ్ళు తలా కొన్ని దారాలు కోస్తారు. ఆ మనిషి ఊళ్ళో లేకపోతే వచ్చేదాకా ఆగుతారు. ఒకసారి ఒకామె కాన్పుకు పోతే పదకొండు రోజులు ఆగారు. ఎనిమిది నెలలు కళ్ళ ముందు పెరిగిన దాన్ని సాగనంపే రోజది. ఆడవాళ్ళు పాట పాడతారు, ఏడుస్తారు, ఎక్కడి ఇంట్లో ఎవరి కాళ్ళ కింద పడుంటుందోనని చేత్తో నిమిరి చూస్తారు. సేటుకు కూడా ఈ పద్ధతి ముద్దు. ఫోటోలు తీయించి పుస్తకం అచ్చు వేయించాడు. కొనేవాళ్ళకు చూపిస్తాడు.

ఇప్పుడు మగ్గం మీద నాలుగు వేళ్ళ ఎత్తు మిగిలి ఉన్న కాశాన్ తివాచీలో మొదటి వరుస వసంతది.

"ఆమె లేదు" అన్నది బాలనాగమ్మ. "ఆమె లేకుంట ఎవరు తెంపుతరు? నేనైతే తెంప. మా ఇంటి మగోడు తిట్టినా తెంప."

"నేను తెంప."

"మా అమ్మ మీద ఒట్టు, నేనూ తెంప."

"మిగిలిన పని పూర్తి చేద్దం" అన్నది ఎస్తేరమ్మ. "పని ఆపితే వేరేటోళ్ళను తెస్తడు. కట్టుడు అయిపోయినంక అడుగుదం. తాళం పోవాలె. సంచులు మన పక్కన ఉండాలె. కాగితం మీద ఉన్నదున్నట్టు రాయాలె. గప్పటిదాక అది మగ్గం దిగొద్దు."

బాలనాగమ్మ ఆమె మొహంలోకి చూసింది.

"గట్లనే అక్కా" అన్నది. నాలుగేళ్ళలో ఆమె 'ఎస్తేరూ' అనకపోవడం అదే మొదటిసారి.

*

శనివారం పొద్దున షెడ్డు తలుపు బార్లా తెరిచి ఉంది. తాళం కనబడలేదు. కిటికీల గోనెలు కూడా తీశారు. పట్నం నుంచి వచ్చిన కంపెనీ మనిషి మెడలో కెమెరాతో మగ్గం చుట్టూ తిరుగుతున్నాడు. సేటు పళ్ళెంలో కొబ్బరికాయ, పూలు, కొత్త కత్తెర పెట్టించాడు. మగ్గం మీద పన్నెండు అడుగుల కాశాన్ తివాచీ ఎండలో నిగనిగలాడుతున్నది. తివాచీకి పైన జానెడు మేర పడుగు దారాలు ఖాళీగా, వీణ తీగల్లా బిగిసి ఉన్నాయి. కత్తెర పెట్టాల్సింది అక్కడే.

ఆడవాళ్ళు బల్ల మీద తమ తమ చోట్లలో కూర్చున్నారు. నాలుగో చోటు ఖాళీగా వదిలారు. మిగతావాళ్ళు వెనక నిలబడ్డారు. అర్చన వాళ్ళలో ఉంది, ఫోన్ చేతిలో పట్టుకుని.

"మీ పుస్తకంలో చదివాను" అన్నాడు కంపెనీ మనిషి సంతోషంగా. "మొదటి వరుస నేసిన ఆమెతోనే మొదటి దారం కోయిస్తారట కదా. ఎవరామె? రమ్మనండి, ఫోటో తీస్తాను."

సేటు నవ్వు సగంలో ఆగింది. ఆయన ఆ సంగతి మరిచిపోయాడు. ఎవరిది మొదటి వరుసో ఆయనకెప్పుడూ తెలియదు.

"వసంత సార్" అన్నది బాలనాగమ్మ.

"పిలవండి మరి."

"పిలుస్తం. మాకు పిలిచే మనిషి ఉన్నది."

ఎస్తేరమ్మ కుర్చీలోంచి లేచింది. చేతిలో నక్షా లేదు. పళ్ళెం వైపు చూడలేదు, సేటు వైపు చూడలేదు. ఖాళీ చోటు వైపు చూసి పిలిచింది.

"వసంతా!"

నాలుగో చోటు ఖాళీగానే ఉంది.

"వసంతా!"

రేకుల మీద ఎండ చిటపటమన్నది.

"వసంతా!"

కంపెనీ మనిషి కెమెరా దించాడు.

"ఆ దినం గూడ మూడుసార్లు పిలిచిన సార్" అన్నది ఎస్తేరమ్మ. "పలకలే. ఊపిరి ఆడక పడిపోయింది. మందు సంచిల ఉండె, సంచి బయట ఉండె, తలుపుకు బయట తాళం ఉండె. గంటసేపు కొట్టుకున్నం. ఆమె రాదు. ఆమె రాకుంటే ఇది తెంపే మనిషి లేదు."

"ఏయ్ ముసలీ, నోరు ముయ్!" సేటు గొంతు చీలింది. "దానికి ఇంటికాడి నుంచే రోగం సార్. తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటది, ఇప్పుడు గూడ చూస్తున్నరు గద!"

"తాళం యాడ దాసినవ్ సేటూ?" అని వెనక నుంచి ఒక గొంతు లేచింది. "ఫోటో తీసుకోనీ, అది గూడ మంచిగుంటది!"

కంపెనీ మనిషి గుమ్మం వైపు జరిగాడు. "ఇది మీరూ మీరూ తేల్చుకోండి. నాకు సరుకు సాయంత్రానికి కావాలి" అన్నాడు.

సేటు పళ్ళెంలోంచి కత్తెర అందుకున్నాడు. "పద్ధతి లేదు, గిద్ధతి లేదు. నా ఉన్ని, నా మగ్గం. నేనే కోస్త."

అప్పుడు బాలనాగమ్మ ఎవరితో చెప్పకుండా ఒక పని చేసింది. బల్ల మీద లేచి నిలబడి, ఖాళీగా ఉన్న పడుగు దారాల మధ్యకు తన పది వేళ్ళూ దూర్చింది. పక్కనున్నామె చూసింది. ఆమె కూడా దూర్చింది. ఆ పక్కామె. బల్ల ఈ చివర నుంచి ఆ చివరకు చేతులు. అర్చన ఆ చేతులను ఫోటో తీసి, తన తోటి చదివే పెద్దమందడి పిల్లకు పంపి, ఫోన్‌ను రవికలో పెట్టుకుని నాలుగో చోటులోకి ఎక్కి తన చేతులు దూర్చింది. వెనక నిలబడ్డవాళ్ళు బల్ల చుట్టూ కమ్ముకున్నారు. కత్తెర పెట్టడానికి ఒక్క దారం ఖాళీ లేదు. ఎక్కడ చూసినా వేళ్ళే. ముడుల దారం కోసుకుని పగిలిన వేళ్ళు, రంగు దిగిన గోళ్ళు.

"కొయ్యి సేటూ" అన్నది బాలనాగమ్మ. "యాడ్నుంచి మొదలు పెడ్తవో పెట్టు."

కత్తెర గాలిలో ఆగింది. సేటు చెమట తుడుచుకున్నాడు. జేబులోంచి ఫోన్ తీశాడు.

*

జీపు పన్నెండింటికి వచ్చింది. ఎస్సై, ఇద్దరు కానిస్టేబుళ్ళు, ఒక ఆడ కానిస్టేబుల్. అప్పటికి అమరచింత వీధుల నుంచి జనం షెడ్డు ముందు పోగయ్యారు. మట్టిపని వదిలి వచ్చినవాళ్ళు, పట్టుమగ్గాల దగ్గరి నుంచి వచ్చినవాళ్ళు, సైకిలు ఆపి దిగినవాళ్ళు.

"ఎవరు మీ లీడర్?" అన్నాడు ఎస్సై.

"లీడర్ లేరు సార్, పడుగు ఉన్నది" అన్నది ఒకామె. జనం నవ్వారు.

"నవ్వులాటనా? చేతులు తీయండి. కేసులయితయి. తాళం ఉన్నదనడానికి సాక్షం ఏంది? రాసిచ్చిన మనిషి ఎవరు?"

ఎస్తేరమ్మ కొంగులోంచి కాగితం తీసింది. సేటు ఇచ్చిన కాగితమే. దాని వెనకవైపు ఖాళీ జాగాలో, బస్సు బోర్డుల మీది అక్షరాలంత పెద్ద అక్షరాలతో, ఆమె తన చేత్తో రాసుకున్నది ఉంది.

"నేను చదువుత సార్. మా పద్ధతిల చదువుత. ఎవరికి తెలిసింది వాళ్ళు పలుకుతరు." గొంతు మొదట పీలగా వచ్చింది. "బాలనాగమ్మా! ఆ దినం తలుపుకు బయట తాళం ఉండె!"

"కట్టిన!" అన్నది బాలనాగమ్మ, చేతులు తీయకుండానే.

"తిరుపతమ్మా! సంచులు బయట గదిల ఉండె, మందు సంచిల ఉండె!"

"కట్టిన!"

"హెప్సిబా! పంజాలతోని తలుపు కొట్టినం, గంటసేపు తెరవలే!"

"కట్టిన!"

పేరు పేరుకూ గొంతు పెరిగింది. రెండేళ్ళుగా రంగులు పిలిచిన గొంతే అది. గుమ్మంలో నిలబడ్డ జనం మధ్య నుంచి చిన్నయ్య ముందుకు వచ్చాడు. ఎస్తేరమ్మ కాగితంలో అతని పేరు లేదు. అయినా పిలిచింది.

"చిన్నయ్యా! తాళం ఎవరు ఏసిన్రు?"

"నేనే ఏసిన. సేటు ఎయ్యమంటే ఏసిన" అన్నాడతను. నడుము నుంచి తాళంచెవి విప్పి, ఎస్సై ముందు నేల మీద పెట్టాడు. తర్వాత, ఆడవాళ్ళ మాట ఎట్లా అనాలో తెలియనట్టు కాస్త ఆగి, "కట్టిన" అన్నాడు.

ఎస్సై సేటు వైపు చూశాడు. సేటు ఎస్సై దగ్గరికి వంగి ఏదో అన్నాడు. ఎస్సై తల ఊపి, ఎస్తేరమ్మ చేతిలోని కాగితం గుంజుకున్నాడు. "ఈ ముసలామెను ఎక్కించు. మిగతావాళ్ళు వాళ్ళే చెదిరిపోతరు."

ఆడ కానిస్టేబుల్ ఎస్తేరమ్మ భుజం పట్టుకుంది. బల్ల మీది ఆడవాళ్ళు ఒక్కసారిగా కదిలారు.

"చేతులు తీయకుండ్రి!" అని ఎస్తేరమ్మ అరిచింది. "నన్ను తీస్కపోనియ్యండ్రి, చేతులు తీయకుండ్రి! ఇంక ఒక్క పేరు ఉన్నది!"

గుమ్మం దగ్గర కాళ్ళు బిగించి ఆగింది. కాగితం లేదు. అవసరం లేదు.

"వసంతా!"

ఎవరూ అనుకున్నది కాదు. మొదట నాలుగో చోటు నుంచి అర్చన గొంతు ఒక్కటే వచ్చింది. ఏడుపుతో పగిలిన గొంతు. "కట్టిన!" ఆ వెంటనే షెడ్డంతా, షెడ్డు బయటి జనం అంతా, పట్టు నేసే చేతులు, మట్టి మోసే చేతులు, అందరి గొంతులూ కలిసి రేకులు అదిరేటట్టు పలికాయి.

"కట్టినం!"

జీపు కదిలింది. ఎస్తేరమ్మ జాలీ కిటికీలోంచి చూసింది. ఇన్నేళ్ళూ ఆమె దారి మీద నిలబడేది, పోయేవాళ్ళు కిటికీలో ఉండేవాళ్ళు. ఇప్పుడు తను కిటికీలో ఉంది. దారి మీద జనం ఉన్నారు. చెయ్యి ఊపబోయి ఆగింది. ఊపితే మాసయ్య ఊపినట్టే అవుతుందేమోనని భయం వేసింది. రెండు చేతులూ ఒడిలో గట్టిగా పట్టుకుని, మలుపు తిరిగేదాకా ఆ మొహాలను ఒక్కొక్కటిగా చూసుకున్నది. జీపు వెంట పరుగెత్తినవాళ్ళు వెనకబడ్డారు. పిలుపు మాత్రం చాలాసేపు వినిపించింది. ఇప్పుడు ఎవరో వేరే గొంతు పిలుస్తున్నది. అర్చన గొంతే అనుకున్నది.

*

ఠాణాలో ఆమెను బల్ల మీద కూర్చోబెట్టారు. మంచినీళ్ళు అడిగితే ఇచ్చారు. రైటరు ఏదో రాస్తున్నాడు. గోడ గడియారం మూడు చూపిస్తున్నది. షెడ్డులో ఏమయిందో, చేతులు తీశారో, కత్తెర పడిందో, ఎవరికి దెబ్బ తగిలిందో. రేపు వాడలో ఎంతమంది బస్సెక్కుతారో. వాళ్ళందరినీ తానే ఎక్కిస్తున్నదో. భయం పోలేదు. కానీ ఈసారి ఆ భయం ఆమెను ఏ కాగితం మీదా వేలు పెట్టి కూర్చోబెట్టలేదు.

ఎస్సై ఫోన్ మోగింది. అతను విన్నాడు. "ఎప్పుడు?" అన్నాడు. "ఎంతమంది?" అన్నాడు. ఫోన్ పెట్టేసి ఎస్తేరమ్మ వైపు తిరిగాడు.

"పెద్దమందడిల ఎవరున్నరు నీకు?"

"ఎవరు లేరు సార్. ఆ ఊరి మొహం గూడ చూడలే."

"అబద్ధం చెప్పకు. అక్కడి షెడ్డుల గూడ ఆడోళ్ళు మగ్గంల చేతులు పెట్టుకుని కూసున్నరంట. తివాచీ తెంపనిస్తలేరంట. తాళం తీసుకొచ్చి రోడ్డు మీద పడేసిన్రంట. ఎవరు నేర్పిన్రు వాళ్ళకు?"

ఎస్తేరమ్మ లేచి నిలబడింది. కళ్ళద్దాలు కొంగుతో తుడుచుకుని పెట్టుకున్నది.

"రెండు షెడ్లకూ నక్షా ఒక్కటే సార్" అన్నది.